తాళం వేసిన జొన్న

మే నెలలో ఒక శుక్రవారం మధ్యాహ్నం పరిశోధన కేంద్రంలోని గ్రీన్‌హౌస్ కూలర్లు ఆగిపోయాయి. బాగుచేసేవాళ్లు వచ్చేసరికి సోమవారమైంది. ఆ మూడు రోజులూ గాజు గోడల లోపల పగటి వేడి నలభై మూడు డిగ్రీలకు తగ్గలేదు. అప్పటికి లోపల రెండు వరసల జొన్న పూత మీదుంది. ఒక వరస ధృతి. ఆ కేంద్రంలోనే పుట్టిన జన్యుమార్పిడి జొన్న అది, ఒక్క వాన పడితే చాలు కంకి వేస్తుంది. రెండో వరస పచ్చజొన్న. జహీరాబాద్ దాటాక వచ్చే ఎర్రనేలల్లో తరతరాలుగా పండుతున్న నాటు రకం.

సోమవారం లోపలికి వెళ్లిన డాక్టర్ సువార్త, పచ్చజొన్న కంకులు ఇక తాలుపోతాయనే అనుకుంది. అంత వేడికి దాని పుప్పొడి బతకదు. అయినా తీసేయబుద్ధి కాక నీళ్లు పెట్టించింది. నెల తిరిగాక చూస్తే కంకులన్నీ నిండుగా గింజ పట్టి బరువుకు వంగి ఉన్నాయి.

ఆమెకు సంతోషం కలగలేదు. రెండు జొన్నల పుప్పొడినీ అదే వేడిలో ఉంచి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. పచ్చజొన్న పుప్పొడి ఎండిన బఠాణీలా ముడుచుకుపోయింది. ధృతి పుప్పొడి గుండ్రంగా, నున్నగా, అప్పుడే రాలినట్టు ఉంది. పచ్చజొన్న పూలన్నీ, తమ పుప్పొడి చచ్చిపోయాక, పక్క వరస నుంచి వచ్చిన ధృతి పుప్పొడితోనే గింజ కట్టాయన్నమాట. ఆ గింజల్లోంచి వంద ఏరి తడిగుడ్డలో మూటగట్టింది. వారం గడిచినా ఒక్కటీ మొలవలేదు.

మొలవకుండా చేసింది తాళం. ఆ తాళాన్ని కనిపెట్టింది సువార్తే.

ప్రభుత్వం అప్పుడు రాష్ట్రాన్ని రెండుగా పంచాలని చూస్తోంది. సగం మండలాల్లో సేంద్రియ సేద్యం. అక్కడ నాటు విత్తనం, పశువుల ఎరువు తప్ప వేరే ఏదీ అడుగు పెట్టకూడదు. మిగతా సగంలో ధృతి. ఏడేళ్లుగా కొట్లాడుకుంటున్న రెండు పక్షాల్లో ఎవరినీ కాదనలేక కనిపెట్టిన దారి అది. కాని గాలికి గట్లు లేవు. ధృతి పుప్పొడి ఎగిరివచ్చి సేంద్రియ చేలో పడితే ఎలా అన్న ప్రశ్న దగ్గర విధానం రెండేళ్లు ఆగిపోయింది. అప్పుడు సువార్త తాళం చేసి ఇచ్చింది. ధృతి పుప్పొడితో కట్టిన గింజను తినవచ్చు, కాని అది మొలకెత్తదు. పూత మీద కేంద్రం వాళ్ల ద్రావణం చల్లిన మొక్కల గింజకు మాత్రమే తాళం పడదు, రైతులకు అమ్మే ధృతి విత్తనం అలా తయారవుతుంది. జొన్న ఎక్కువగా తన పుప్పొడితోనే గింజ కట్టే పంట. గాలివాటంగా వచ్చే పరాయి పుప్పొడితో కట్టేవి వందకు ఐదారు గింజలు. ఆ ఐదారూ మొలవవు కాబట్టి ధృతి గట్టు దాటి బతకలేదు. సేంద్రియం సేంద్రియంగానే ఉంటుంది.

కూలర్లు ఆగిన మూడు రోజులు ఆ లెక్కను తలకిందులు చేశాయి.

కేంద్రం డైరెక్టర్ పరాంకుశం ప్రభుత్వ విధాన సంఘంలో కూడా సభ్యుడు. సువార్త రాసుకొచ్చిన పేజీని ఆయన రెండుసార్లు చదివి పక్కన పెట్టాడు.

"కూలర్ చెడిపోతే వచ్చిన ఫలితాన్ని ప్రయోగం అనరమ్మా."

"బయట ఇలాగే ఎండ కాస్తే, సార్? పూత సమయంలో?"

"సెప్టెంబరులో నలభై మూడు డిగ్రీలా?"

"ముప్పై తొమ్మిది చాలు. ఒక్క వారం చాలు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "గురువారం విధాన సంఘం కూర్చుంటుంది. ఈ పేజీ నివేదికలో ఉంటే తాళం పనికిరాదంటారు. తాళం లేకపోయినా ధృతి మాత్రం ఆగదు, అది ఖాయమైపోయింది. తాళం లేని ధృతి బయటికొస్తే మూడేళ్లలో మీ అక్క చేలో ఏ కంకి ఎవరిదో మీరు కూడా చెప్పలేరు. ఐదారు గింజలు పోవడం నయమా, జాతి మొత్తం కలిసిపోవడం నయమా? మీరే చెప్పండి."

సువార్త ఆ పేజీ లేకుండానే నివేదికపై సంతకం పెట్టింది.

ఆమె అక్క మొగులమ్మది దిడిగెపల్లి. తల్లి పోయినప్పుడు సువార్తకు ఆరేళ్లు, మొగులమ్మకు ఇరవై. తమ్ముళ్లూ చెల్లెళ్లూ వేరే లేరు. మొగులమ్మ పెళ్లి చేసుకుంది, భర్త నాలుగేళ్లకు జ్వరంతో పోయాడు, పిల్లలు కలగలేదు. చెల్లెల్ని మిషన్ హాస్టల్లో చేర్చి, ప్రతి ఆదివారం పదకొండు కిలోమీటర్లు నడిచి వెళ్లి చూసి వచ్చేది. తనకున్న రెండెకరాల్లో పచ్చజొన్న వేసేది. విత్తనం విషయంలో ఆమెకున్న శ్రద్ధ చుట్టుపక్కల మరెవరికీ లేదు. చేలో కంకి కంకికీ తిరిగి విత్తనపు కంకులు తనే ఎంచేది. పిడకల బూడిద కలిపి, వేపాకు పరిచి, వెదురు గుమ్మిలో పోసి, మూతిని పేడతో అలికేది. ఎవరింట్లో విత్తనం పెట్టినా మొదటి సాలులో మొదటి పిడికెడు మొగులమ్మ చేతితో పడాలని పిలుచుకుపోయేవారు.

ధృతి బయటికొచ్చిన ఏడాది జూన్‌లో సువార్త ఊరికి వెళ్లింది. దిడిగెపల్లికి తూర్పున తారురోడ్డు ఉంది. రోడ్డుకు ఇవతల సేంద్రియ మండలం, అవతల ధృతి మండలం. కొత్తగా పాతిన రాళ్లకు ఇటు ఆకుపచ్చ రంగు, అటు పసుపు రంగు వేశారు.

"నీ జొన్న రోడ్డు దాటి రాదా?" అని అడిగింది మొగులమ్మ.

"దాని దుమ్ము వస్తదక్కా. నీ కంకికి తగిలినా కూడ గా గింజ మొలవది. నీ విత్తనంల కలవది."

"గంతేనా?"

"గంతే."

"నువ్వు జేసినవంటే నాకు ఫికరెందుకే," అంది మొగులమ్మ. 

మొదటి ఏడాది వానలు బాగానే పడ్డాయి. ఏదీ తేడా రాలేదు. పోయిన ఐదారు గింజల్ని ఎవరూ గమనించలేదు. ఆ పంట విత్తనం మరుసటి జూన్‌లో మొలిచాక అధికారులు సేంద్రియ చేలల్లో మొక్కల ఆకులు కోసి పరీక్షిస్తే ధృతి జాడ ఎక్కడా లేదు. ఉండదు కూడా, కలిసిన గింజ మొలవనే మొలవదు కదా. విధానం నూటికి నూరుపాళ్లు నెగ్గిందని పత్రికల్లో వచ్చింది.

రెండో ఏడాది ఆగస్టు మధ్యలో వాన ఆగిపోయింది. సెప్టెంబరు మొదటి వారంలో ముప్పై తొమ్మిది, రెండో వారంలో నలభై ఒకటి. రోడ్డవతల ధృతి పచ్చగా ఉంది. ఇవతల పచ్చజొన్న ఆకులు చుట్టుకుపోయి, మొక్కలు మోకాళ్లెత్తుకు మించకుండా పూతకొచ్చాయి. ఈసారి కంకులు తాలేనని ఊరంతా అనుకున్నారు. పన్నెండు రోజులు తూర్పుగాలి ఆగకుండా వీచింది.

అక్టోబరు చివర చూస్తే కంకి కంకికీ గింజ నిండుగా ఉంది.

మొక్కలు గిడసబారి ఉన్నాయి కాబట్టి దిగుబడి మామూలుకంటే తక్కువే. కాని అంతటి ఎండలో ఒక్క పొల్లు లేదు. ముసలివాళ్లు అలాంటిది ఎప్పుడూ చూడలేదన్నారు. సేంద్రియ శాఖ అధికారులు జీపుల్లో వచ్చి ఫొటోలు తీసుకున్నారు. రసాయన ఎరువు, మందు, ప్రయోగశాల ఏదీ లేకుండా కరువును గెలిచిన నాటు విత్తనమని ఊరూరా బోర్డులు పెట్టారు. ఆ విత్తనం మొగులమ్మదని తెలిసి ఆమెను ఉత్తమ సేంద్రియ రైతుగా ఎంపిక చేశారు. ఆమె పంటంతా, ఆమె విత్తనం తీసుకున్నవాళ్ల పంటంతా ప్రభుత్వమే సేకరించి అరవై ఊళ్లకు విత్తనంగా పంచబోతున్నట్టు ప్రకటించింది.

ఫిబ్రవరిలో జహీరాబాద్ మార్కెట్ యార్డులో సన్మానం జరిగింది. మంత్రి మొగులమ్మకు శాలువా కప్పాడు. ఆమె మైకు ముందు నిలబడి, "నేనేం జెయ్యలే. మంచిగ దాసిన, మంచిగ పెట్టిన," అని రెండు ముక్కలు చెప్పి దిగింది. తిన్నగా రెండో వరసలో ఉన్న చెల్లెలి దగ్గరికొచ్చి, కొంగు ముడి విప్పి ఒక పిడికెడు జొన్నలు ఆమె చేతిలో పోసింది.

"సూడు, ఎట్లున్నయో! ఎండల పుట్టినయంటే ఎవలన్న నమ్ముతరా?"

సువార్త గింజల వంక చూసింది. "మంచిగున్నయక్కా," అంది.

ఆ పిడికెట్లోంచి వంద గింజలు కేంద్రంలో మొలక కట్టింది. మూడు మొలిచాయి. సరిచూసుకోవడానికి ఇంకో వంద పెట్టింది. రెండు.

ఆ రెండో వంద చూసిన రోజే పరాంకుశం గదికి వెళ్లి, విత్తనం పంపిణీ ఆపించమని అడిగింది.

"ఆపితే ఎందుకు ఆపామో చెప్పాలి," అన్నాడాయన.

"చెప్పండి సార్."

"చెప్తే సేంద్రియ మండలాలూ పోతాయి, ధృతీ పోతుంది. మీరు అరవై ఊళ్ల గురించి మాట్లాడుతున్నారు, నేను మొత్తం రాష్ట్రం గురించి ఆలోచించాలి. అయినా ముందు అడిగే ప్రశ్న ఏంటో తెలుసా? ఇది ముందే తెలిసినవాళ్లెవరని. నివేదికలో ఉన్నది నా సంతకం కాదమ్మా."

సువార్త నిలబడే ఉంది. ఆయనే లేచి కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోకుండా బయటికొచ్చేసింది. ఆ వారంలో అక్కకు మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ మొగులమ్మ ఏ ఊరివాళ్లు ఎంత విత్తనం అడిగారో, ఎవరెవరు పిలిచి కాళ్లకు దండం పెట్టబోయారో చెప్తూ పోయింది. మూడుసార్లూ సువార్త విని పెట్టేసింది.

జూన్ పదకొండున మంచి వాన పడింది. అరవై ఊళ్లవాళ్లు ఒకే వారంలో విత్తనం వేశారు. పది రోజులకు చేలు నున్నగా, వేసినవి వేసినట్టే ఉన్నాయి. అక్కడొకటి ఇక్కడొకటి మొలక. మళ్లీ వేయడానికి ఎవరి దగ్గరా విత్తనం లేదు, తమ పాత విత్తనాన్ని పక్కనపెట్టి ప్రభుత్వం ఇచ్చినదే వేశారు. రెండో వాన కూడా ఖాళీ సాళ్ల మీదే పడిపోయింది.

సంగమ్మ, మొగులమ్మ ముప్పై ఏళ్లుగా ఒకరి చేలో ఒకరు కలుపు తీసుకున్నవాళ్లు. ఆ రోజు పొద్దున సంగమ్మ ఒడినిండా నేలలోంచి తవ్వి తీసిన గింజలతో వచ్చింది. వెనక పదిమంది దాకా ఆడవాళ్లు. మొగులమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. సంగమ్మ దగ్గరికొచ్చి, ఒడి విప్పి, మట్టితో సహా ఆ గింజలన్నీ ఆమె నెత్తిన పోసింది.

"సన్మానం జేయించుకున్నవ్ కదనే! ఇగో, ఇది గూడ కప్పుకో. నా పొలం పడావు వడ్డది. నా బిడ్డ కాన్పుకు వచ్చింది, ఇంట్ల తినేతందుకు లేదు. ఏం గలిపినవే విత్తనంల?"

"నేనేం గలుపుతనే సంగీ! నీ ఒట్టు, నేనేం గలపలే. నా చేన్ల గూడ మొలవలే, వచ్చి సూడు."

"నీ చేను నాకెందుకు?" అని సంగమ్మ వెళ్లిపోయింది. వెంట వచ్చిన ఆడవాళ్లలో ఒకామె వెనక్కి తిరిగి అరుగు మీద ఉమ్మేసింది.

మొగులమ్మ జుట్టులోంచి గింజలు ఒక్కొక్కటే తీసుకుంది. గోటితో చిదిమి చూసింది. లోపల తెల్లగా, గట్టిగా, ఏ పురుగూ పట్టకుండా ఉన్నాయి. ఏం జరిగిందో ఆమెకు అర్థం కాలేదు.

ప్రభుత్వం విచారణ వేసింది. విత్తన నిపుణురాలిగా సువార్తను నియమించారు. పరాంకుశం నివేదిక ముందే తయారు చేయించి ఆమె చేతికిచ్చాడు. 'శాస్త్రీయం కాని నిల్వ పద్ధతుల వల్ల విత్తనం జీవశక్తి కోల్పోయింది. బాధ్యురాలు దిడిగెపల్లికి చెందిన మొగులమ్మ' అని ఉంది అందులో.

"నేను సంతకం పెట్టను," అంది సువార్త.

"ఊరికెళ్లి రండి, తొందరేం లేదు," అన్నాడాయన మెత్తగా.

ఆమె జులై చివర్లో వెళ్లింది. కాగితాలు సంచిలో ఉన్నాయి. అక్క ముందే చింపేయాలనుకుంది. మొగులమ్మ ఇంట్లో లేదు. చేలో ఒక మూల, ముళ్లకంప కట్టిన చిన్న మడిలో ఒంగి ఉంది. మడిలో యాభైకి పైగా జొన్న మొక్కలు తొడ ఎత్తు పెరిగి ఉన్నాయి.

"ఇవెక్కడియక్కా?"

"గుమ్మి అడుగుల కొంచెం మిగిలినయ్. ముందటేడువి. ఏసి సూసిన, ఒకటి రెండు తప్ప అన్ని మొలిచినయ్. అదే గుమ్మి, అదే బూడిద, అదే చెయ్యి! మరి మొన్నటియి ఎందుకు మొలవలేదే చెల్లె? నువ్వు సదువుకున్నదానివి, నువ్వన్న చెప్పు."

సువార్త గట్టు మీద కూర్చుని అంతా చెప్పింది. కూలర్లు ఆగిపోయిన మూడు రోజులు, ముడుచుకుపోయిన పుప్పొడి, తీసేసిన పేజీ, నలభై ఒక్క డిగ్రీల ఎండ, తూర్పుగాలి. మొగులమ్మ అడ్డు రాకుండా విన్నది. మధ్యలో ఒకసారి ముళ్లకంప సరిచేసింది.

"నీకు ముందుగాల్నే ఎరుకన్నట్టు."

"ఎరుకే."

"మార్కెట్ల నీ చేతుల గింజలు వోసిన్నాడు?"

"ఎరుకే అక్కా."

"సంగి నా నెత్తి మీద మన్ను వోసింది," అంది మొగులమ్మ. ఒంగి ఒక మొక్క మొదట్లోకి మట్టి ఎగదోసింది. తర్వాత మొక్కల గురించి అడిగింది. "ఇవి పూతకొస్తే ఏమైతది?"

"విత్తనం మొలవలేదని ఈసారికి రోడ్డుకు ఇవతల గూడ ధృతి ఇచ్చిన్రు. నలుదిక్కుల అదే ఉంది. ఎండ గొడితే ఇవి గూడ మొలవని గింజలే కంటయ్."

"సంచులు కడితే?"

"ఎండ గొడితే దీని దుమ్ము సంచిల సస్తది. ఉత్త కంకి వస్తది."

"మరి ఎట్ల బతుకుతయ్?"

"సల్లగున్న తాన, వేరే జొన్న లేని తాన పూయాలె. మా కేంద్రంల గాజు ఇల్లుంది."

"ఆడ వెట్టనిస్తరా?"

సువార్త సంచిలోంచి కాగితాలు తీసింది. దీనికి సంతకం పెడితే పరాంకుశం ఏదడిగినా ఇస్తాడని ఆమెకు తెలుసు. అది తలచుకున్నందుకే ఆమెకు తన మీద అసహ్యం వేసింది.

"సదువు," అంది మొగులమ్మ.

చదివింది. తన పేరు వచ్చిన చోట మొగులమ్మ ఇంకోసారి చదవమంది. చదివించుకుని, చేతులకంటిన మట్టి దులుపుకుంది.

"పెట్టు సంతకం."

"అక్కా!"

"నిజం జెప్పినవనుకో, నీ నౌకరి వోతది. గాజు ఇల్లు వోతది. ఇవి ఈడనే ఎండల మాడుతయ్. నన్ను ఎట్లైన తిడుతనే ఉన్నరు కద? ఇంకింత తిడుతరు. జాతి బతకాలె. సంతకం వెట్టి, మొక్కలు తీస్కపో."

ఇద్దరూ కలిసి వేళ్ల చుట్టూ మట్టి తెగకుండా నలభై మొక్కలు తవ్వి తీశారు. తడి గోనెలు చుట్టి జీపులో పెట్టారు. జీపు కదిలేముందు మొగులమ్మ లోపలికి తొంగిచూసి, "కాపు వచ్చినంక నాకు తెచ్చియ్యాలె," అంది. సువార్త తలూపింది.

పరాంకుశం కూడా కాదనలేదు. "కోతయ్యాక సగం మీ అక్కకే ఇద్దాం," అన్నాడు.

సువార్త సంతకంతో నివేదిక బయటికొచ్చింది. మొగులమ్మకిచ్చిన సన్మానం రద్దయింది. బతికి ఉన్నంతకాలం ఆమె ఎవరికీ విత్తనం ఇవ్వకూడదని, నిల్వ చేయకూడదని ఉత్తర్వు వచ్చింది. అధికారులు ఇంటికొచ్చి గుమ్మిని విరగ్గొట్టి, ముక్కలు వాకిట్లోనే కాల్చి పోయారు. అప్పటిదాకా అనుమానంగా ఉన్నవాళ్లకు ప్రభుత్వమే చెప్పింది కాబట్టి నిజమేనని రుజువైంది. సంగమ్మ కూతురి బిడ్డ నెల తిరక్కుండానే పోయాడు. తల్లికి పాలు పడలేదన్నారు. పూడ్చిపెట్టే చోటికి మొగులమ్మ వెళ్తే, సంగమ్మ ఆమెను గేటు దగ్గరే ఆపి లోపలికి రానీయలేదు. ఆ వానకాలం ఆమెను ఎవరూ కూలికి కూడా పిలవలేదు.

గ్రీన్‌హౌస్‌లో ఇరవై ఎనిమిది డిగ్రీల చల్లదనంలో నలభై మొక్కలూ పూశాయి. నవంబరులో సువార్త ఒక్కతే కోసింది, ఒక్కతే నూర్చింది. తొమ్మిది కిలోల గింజ. వందకు తొంభై ఆరు మొలిచాయి. ఆమె ఆ మొలకల ముందు కూర్చుని ఏడ్చింది. నాలుగున్నర కిలోలు బట్ట సంచిలో పోసి, మూతి కుట్టి, పరాంకుశం దగ్గరికి పట్టుకెళ్లింది.

"ఎలా ఇస్తామమ్మా?" అన్నాడాయన ఆశ్చర్యంగా. "ఆమె విత్తనం ముట్టుకోకూడదని ఉత్తర్వు ఉంది. మీ నివేదిక మీదే ఇచ్చారది."

"మీరు మాటిచ్చారు."

"అప్పుడు సేంద్రియ మండలాలున్నాయి. ఇప్పుడేవి? అరవై ఊళ్లు దెబ్బతిన్నాక ఇక నాటు విత్తనం పేరెత్తేవాళ్లు లేరు. వచ్చే ఏడు రాష్ట్రమంతా ఒకే విత్తనం." ఆయన సంచి మూతిని వేలితో మీటాడు. "అయినా మీ రకాన్ని నేను పారేయమనట్లేదు. ధృతి తినడానికి చప్పగా ఉందని ఊళ్లలో గొణుగుతున్నారు. ఈ పచ్చజొన్న రుచిని ధృతిలోకి తెండి. ధృతి-2 అందాం. అలాగైతే దీన్ని శీతల గిడ్డంగిలో పెట్టడానికి కారణం దొరుకుతుంది. ప్రాజెక్టు లేని విత్తనానికి ఇక్కడ చోటు ఇవ్వలేను."

"అందులో తాళం ఉంటుందా?"

"తాళం లేకుండా ఏ జొన్నా ఇక బయటికి పోదు."

సువార్త ఆ పని చేసింది. రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో మొగులమ్మ రెండుసార్లు నగరానికి వచ్చింది. మొదటిసారి కేంద్రం గేటు దగ్గర ఆమె పేరు చూసి కాపలావాళ్లు లోపలికి పంపలేదు. నిషేధితుల జాబితాలో ఉందన్నారు. సువార్త బయటికొచ్చి, గింజ వచ్చింది, భద్రంగా ఉంది, కాని ఇవ్వనివ్వట్లేదని చెప్పింది. రెండోసారి కూడా అదే చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత మొగులమ్మ మళ్లీ రాలేదు.

ధృతి-2 రాష్ట్రమంతా పండిన మొదటి ఏడాది, కోతలయ్యాక, సువార్త దిడిగెపల్లికి వెళ్లింది. తారురోడ్డు పక్కన రంగు రాళ్లు తీసేశారు. మొగులమ్మ పొయ్యి ముందు కూర్చుని పిండి తడుపుతోంది. బాగా చిక్కిపోయింది. చెల్లెల్ని చూసి లేవలేదు, రావద్దని కూడా అనలేదు.

"కూసో. రొట్టె చేస్తున్న."

సువార్త గోడకు ఆనుకుని కూర్చుంది. మొగులమ్మ రొట్టె చేతులతో తట్టి, పెనం మీద వేసి, తడి చేత్తో నీళ్లు రాసి తిప్పింది. కాలిన రొట్టెను పళ్లెంలో పెట్టి, పక్కన ఎర్ర కారం వేసి, చెల్లెలి ముందుకు జరిపింది. తను ఎదురుగా కూర్చుని చూస్తూ ఉంది.

సువార్త ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపి, మళ్లీ నమిలింది.

"గదే రుచి కదా?" అంది మొగులమ్మ.

"గదే అక్కా."

"సర్కారోళ్లు పంచిన ప్యాకెట్ విప్పంగనే ఎరుకవట్టిన. మందు పూసి, రంగేసిన్రు గని, మొకం దాగుతదా? ఇది మనది గద బాబు అన్న. కాదమ్మా, ధృతి-2 అన్నడు. పండినంక దాసుకోకున్రి, మొలవది అన్నడు."

సువార్త తలెత్తలేకపోయింది. "అసలుది గిడ్డంగిల భద్రంగ ఉందక్కా. సచ్చిపోలే. యాభై ఏండ్లైన ఉంటది."

"ఎవలు నాటుతరు?"

సువార్త పళ్లెంలో రాలిన తునకలు ఏరింది.

"నువ్వు జేసినవా దీన్ని?"

"నేనే."

మొగులమ్మ పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, నీళ్లు చల్లి ఆర్పింది. పెనం దించి పక్కన పెట్టింది. సువార్త రొట్టె వదిలేసి లేవబోతుంటే చేయి అడ్డం పెట్టింది.

"ఇడిశిపెట్టకు. మొత్తం తిను."

సువార్త మొత్తం తిన్నది. మొగులమ్మ ఖాళీ పళ్లెం తీసుకుని, చెంబుతో ఆమె చేతుల మీద నీళ్లు పోసింది. చిన్నప్పుడు హాస్టల్లో ఆదివారాలు చేసినట్టే, కొంగుతో వేళ్ల సందుల్లో తుడిచింది.

"బస్సుకు యాళ్లయితంది," అంది. "ఇగ పో చెల్లె. మల్ల రాకు."